రెండు గదుల్లో రాతియుగం: ఊరి మ్యూజియం ఎలా వేయాలి?

సార్, నమస్తే. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మక్తల్ దగ్గర మీ ఊళ్లో పాత బడి గదులు రెండు పంచాయతీ వాళ్లు ఇస్తామన్నారు. మీరు, మీ విద్యార్థులు ఇన్నేళ్లుగా చెలకల్లో, గుట్టల కింద ఏరిన రాతి గొడ్డళ్లు, చెకుముకి పెచ్చులు, కుండ పెంకులు, మూడు ఇనుప ముక్కలు కలిపి 200 దాకా ఉన్నాయి. ఒక ఇంటీరియర్ కాంట్రాక్టర్ వచ్చి ఫైబర్ గుహ, గోడల చుట్టూ అద్దాల అల్మారాలు, గేటు దగ్గర డైనోసార్ బొమ్మ అని అంచనా ఇచ్చాడు. ఇది సరైన పద్ధతేనా, కాకపోతే గది ఎలా వేయాలి?

సరైన పద్ధతి కాదు. యుగాల వారీగా కాకుండా చోట్ల వారీగా గది వేయండి. ఏ రాయి ఏ చెలకలో దొరికిందో చూపించేదే మీ మ్యూజియం. 200 వస్తువుల్లో 30 బయట పెట్టండి, మిగతావి నంబర్లు వేసి లోపల భద్రపరచండి. గుహ వద్దు. డైనోసార్ అసలే వద్దు. మీ దగ్గరున్న డబ్బులో సగం పైకప్పుకు, గోడల తడికి, వైరింగ్‌కు పోతుందని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

నాది నల్లగొండ. 24 ఏళ్లుగా మ్యూజియంలకు అరలు, వెలుతురు, బోర్డులు చేసే పనిలో ఉన్నాను. నేను చేసి చూసినవి, చేసి చెడగొట్టినవి రెండూ చెప్తాను.

అన్నిటికన్నా ముందు కాగితం పని. ఆ వస్తువులు మీ దగ్గర ఉన్నాయని వారసత్వ శాఖకు, కలెక్టర్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయండి. నేలలో దొరికిన పాత వస్తువుల గురించి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. రాష్ట్రానికి 2017లో వచ్చిన వారసత్వ చట్టం ఉంది. వీటిని చూసి భయపడనక్కర్లేదు. ముందే చెప్పినవాళ్లకు శాఖ నుంచి సలహా దొరుకుతుంది, గుర్తింపు పనిలో సాయం దొరుకుతుంది. చెప్పకుండా ప్రారంభోత్సవం పెట్టుకుంటేనే టెన్షన్. అలాగే ఇక నుంచి పిల్లల్ని ఏరుకు రమ్మని పంపకండి. దొరికిన చోటే ఫొటో తీసి, ఏ చెలకో రాసుకుని రమ్మనండి.

ఇప్పుడు చోట్ల సంగతి. నాగార్జునకొండ మ్యూజియంకు లాంచీలో పోయే ఉంటారు. 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వారు, తర్వాత సాగర్ నీళ్లలో లోయ మునిగింది. ఆ మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటి పెట్టారు. నేను చాలాసార్లు దాని పక్కన నిలబడి వచ్చేవాళ్లను గమనించాను. శిల్పాల ముందు నుంచి నడుచుకుంటూ పోయే మనుషులు ఆ నమూనా దగ్గర ఆగుతారు, వంగుతారు, వేళ్లతో చూపించుకుంటూ మాట్లాడుకుంటారు. వస్తువు ఎంత గొప్పదైనా, అది ఎక్కడిదో తెలిసేదాకా చూసేవాడికి దానితో చుట్టరికం కలవదు.

మీ మొదటి గది మధ్యలో ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు బల్ల ఒకటి వేయండి. దాని మీద మీ మండలం నేల నమూనా చేయించండి: కృష్ణ ఒడ్డు, గుట్టలు, చెరువులు, వాగులు, ఊళ్లు. సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్ పెద్దది చేసి ఇస్తే మీ ఊరి మేస్త్రీయే సిమెంటుతో చేయగలడు. గొడ్డలి దొరికిన చెలక దగ్గర 7 అని గుర్తు ఉంటే, గోడ దగ్గరి అరలో ఆ గొడ్డలి పక్కన కూడా 7 ఉండాలి. గది వరస అంతా ఇదే. పిల్లవాడు ముందు తన ఊరు వెతుక్కుంటాడు, తర్వాత నంబర్ చూస్తాడు, ఆ తర్వాత రాయి దగ్గరికి వెళ్తాడు.

మీకు ఒక పెద్ద అదృష్టం ఉంది. ఉట్నూరు బూడిద దిబ్బ మీ వైపుదే (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మక్తల్ వైపుది). 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని తవ్వాడు. అది రాక్షసుల బూడిదా కాదు, అగ్నిపర్వతం బూడిదా కాదు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి. చుట్టూ గుంజలు పాతి కంచె కట్టి లోపల పశువులను తోలేవాళ్లు. పేరుకున్న పేడకు కొన్నాళ్లకోసారి నిప్పు పెట్టేవాళ్లు. మళ్లీ కంచె, మళ్లీ పేడ, మళ్లీ నిప్పు. తవ్వినప్పుడు గుంజల గుంతలతో పాటు పశువుల గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ల కిందటి ఆవు అడుగు! మీ గదికి ఇంతకన్నా మంచి మొదలు ఏం కావాలి?

గతంలో ఒక బడి ప్రదర్శనకు దొడ్డి బొమ్మ గీయించాను. దాని కింద "నవీన శిలాయుగ పశుపోషక సమాజపు భస్మరాశి" అని బోర్డు రాశాం. మూడు రోజులు దాన్ని ఎవరూ చదవలేదు. నాలుగో రోజు గొర్లు కాసే పెద్దాయన ఒకరు మనవడితో వచ్చాడు. బోర్డు జోలికి పోకుండా బొమ్మే చూసి, "దొడ్డి కదా ఇది. తలుపు తూర్పుకు పెట్టిన్రు. పేడ గిట్ల కాలబెడితే గోమార్లు, జోరీగలు పోతయ్" అన్నాడు. ఆ సాయంత్రం బోర్డు తీసేసి ఆయన మాటలే రాయించాను. మర్నాటి నుంచి ఆ బోర్డు ముందు జనం ఆగారు. పేడ ఎందుకు కాల్చేవాళ్లన్నదానికి పండితులు పండగ అని, పూజ అని, శుభ్రత అని రకరకాలుగా చెప్తారు. అవన్నీ రాయండి, పెద్దాయన మాట కూడా రాయండి.

గిట్టల గుర్తు చూపించడానికి ఒక ఉపాయం. తడి బంకమట్టి పలక మీద మీ ఊరి ఆవును నడిపించి, దానికి ప్లాస్టర్ అచ్చు తీయండి. గదిలో నేలమట్టానికి పెట్టి పక్క నుంచి వెలుతురు వేయండి. పిల్లలు అందులో చెయ్యి పెట్టి చూడాలి. కానీ పక్కన పెద్ద అక్షరాలతో "ఇది నమూనా, ఈ ఊరి ఆవుది" అని రాయాల్సిందే. నమూనాను అసలుదిగా భ్రమింపజేస్తే, ఆ సంగతి తెలిసిన రోజున మీ అసలు వస్తువులను కూడా నమ్మరు.

ఫైబర్ గుహ వద్దనడానికి కారణం కూడా ఇదే. మీ దగ్గర దొరికిన గొడ్డళ్లు గుహల్లో బతికినవాళ్లవి కావు. పశువులు మేపి, పంట వేసి, గుడిసెలు కట్టుకున్నవాళ్లవి. గుహ కట్టగానే ఆదిమానవుడు, తోలు బట్టలు, చేతిలో దుడ్డుకర్ర అనే సినిమా బొమ్మ పిల్లల తలలోకి ఎక్కుతుంది. ఇక డైనోసార్లు మనిషి పుట్టక ముందే, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటే పోయాయి. పిల్లలకు డైనోసార్ చూపించాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన తెలంగాణలోనే దొరికిన కోటసారస్ అస్థిపంజరం ఉంది, టూర్ వేయండి.

వెలుతురు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, రాతి వస్తువులకు అదే ప్రాణం. ఈ రాత్రి ఒక పని చేయండి. మీ గొడ్డళ్లలో నున్నటిది ఒకటి బల్ల మీద పెట్టండి. ట్యూబులైటు వెలుగులో అది నల్లటి గుండురాయే. ఇప్పుడు లైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చిని బల్లకు ఆనించినంత కిందగా, పక్క నుంచి పట్టండి. అంచు దగ్గర రెండు వేళ్ల వెడల్పున అద్దంలాంటి నునుపు కనిపిస్తుంది. దాని వెనక మశూచి మచ్చల్లా సన్నటి గుంటలు. ఇంకా వెనక, పట్టుకునే వైపు, పెచ్చులు లేచిన పల్లాలు. ముందు పెచ్చులు కొట్టి ఆకారం తెచ్చారు, తర్వాత ఇంకో రాయితో పొడిచి పొడిచి సమం చేశారు, చివరికి నీళ్లు, ఇసుక వేసి నూరి అంచు తెచ్చారు. మూడు పనులూ ఆ ఒక్క రాయి మీద చదవొచ్చు. నెత్తిన వేలాడే ట్యూబులైటు వీటన్నిటినీ చెరిపేస్తుంది. కాబట్టి అరలోపల పక్క నుంచి చిన్న ఎల్‌ఈడీ పెట్టించండి. రంగు సరిగా చూపే రకం, అంటే సీఆర్ఐ 90కి పైన ఉన్నది అడగండి.

రాయికి, కాల్చిన మట్టికి వెలుతురుతో నష్టం లేదు. ధైర్యంగా వేయండి. పాత కాగితం, బట్ట, రంగులు ఏవైనా పెడితే మాత్రం 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వొద్దు, నేరుగా ఎండ పడనివ్వొద్దు.

అర వెనక రంగు తెల్లగా వద్దు. నల్లరాతి గొడ్డలిని తెల్ల గుడ్డ మీద పెడితే కంటికి దాని నీడబొమ్మ మాత్రమే అందుతుంది, ఒంటి మీది గీతలు అందవు. మీ చెలక ఎర్రమట్టి రంగును కాస్త పలుచన చేసి, మెరుపు లేని పెయింట్ వేయించండి. తెల్లటి చెకుముకి పెచ్చులకు రేగడి రంగు బాగుంటుంది. ఆ వస్తువులు దొరికిన నేలలు కూడా అవే.

మీ దగ్గరున్న మూడు ఇనుప ముక్కల గురించి జాగ్రత్త. వృత్తిలో నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. ఒక పట్టణంలోని చిన్న మ్యూజియంకు ప్లైవుడ్ అర చేయించి, అద్దం అతుకులకు మామూలు సిలికాన్ పూశాను. వెనిగర్ వాసన వచ్చే రకం. మర్నాడే తాళం వేసేశాం. అందులో సమాధి నుంచి వచ్చిన ఇనుప గొడ్డలి, ఇనుప బాకు ఉన్నాయి. ఒక వానాకాలం గడిచాక చూస్తే బాకు మీద చెమట పట్టినట్టు నారింజ రంగు బొట్లు, అర అడుగున పొరలు పొరలుగా రాలిన తుప్పు. మొన మూడు ముక్కలైంది. రెండు వేల ఏళ్లు నేలలో ఆగిన వస్తువును నేను ఒక్క ఏడాదిలో పాడు చేశాను. నేలలోని ఉప్పు ఇనుములో ఇంకి ఉంటుంది, గాలిలో తేమ పెరగగానే అది పని మొదలుపెడుతుంది. ప్లైవుడ్ నుంచి, సీలెంట్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి దానికి తోడవుతుంది.

అందుకని ఇనుముకు వేరే అర, అదీ చిన్నది, గట్టిగా మూసుకునేది. పౌడర్ కోటింగ్ వేసిన ఇనుప ఫ్రేమ్, అద్దం, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్, అంటే వెనిగర్ వాసన రాని రకం. పూసిన తర్వాత కనీసం మూడు వారాలు తలుపులు తెరిచి ఆరబెట్టండి. కింద దాపుడు అరలో సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు. తేమ 20 శాతం లోపు ఉండాలి. జెల్ రంగు మారినప్పుడు వేడి చేసి మళ్లీ పెట్టే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. ఆ మనిషి దొరక్కపోతే ఇనుమును ప్రదర్శించొద్దు. ఫొటో పెట్టి, వస్తువులను శాఖ వారి కన్జర్వేషన్ విభాగానికి ఇవ్వడం మేలు.

ఏసీ గురించి మీరు అడగలేదు గానీ కాంట్రాక్టర్ చెప్పే ఉంటాడు. పగలు వేసి రాత్రి ఆపేసే ఏసీ కన్నా అసలు లేకపోవడం నయం. తేమ, వేడి రోజూ ఎక్కి దిగడమే వస్తువులను పగలగొడుతుంది. మే నెలలో మీ దగ్గర ఎండలు 42, 43కు పోతాయి. రేకుల కప్పయితే కింద ఫాల్స్ సీలింగ్, పైన తెల్ల కూలింగ్ పెయింట్, పడమటి కిటికీలు మూసేయడం, వెంటిలేటర్లకు జాలీ. ఇవి చాలు. అరలు కొనేముందు ఒక నెల పాటు గదిలో తేమ మీటరు పెట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నోటుబుక్కులో రాయండి. చెదలు ఉన్నాయేమో కూడా ఆ నెలలోనే తెలుస్తుంది.

ఎత్తులు త్వరగా చెప్పేస్తాను. బల్ల అరలు నేల నుంచి 80 సెంటీమీటర్లు దాటొద్దు, ఐదో తరగతి పిల్లకు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు అందాలి. గుమ్మం దగ్గర అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున ర్యాంపు. మనుషులు తిరిగే దారి ఐదు అడుగులకు తగ్గొద్దు.

బోర్డులు. ఒక్కోటి 40, 50 మాటలు మించొద్దు. "క్రీ.పూ. రెండో సహస్రాబ్ది" అని రాయకండి, "సుమారు 4000 ఏళ్ల కింద" అని రాయండి. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ బోర్డుకు వాడే వరసల ఎడం మనకు సరిపోదు, ఒత్తులు వెళ్లి కింది వరస నెత్తిన ఎక్కుతాయి. ఎడం ఒకటిన్నర రెట్లు పెట్టమనండి. చదివే బోర్డుకు మండలి లాంటి సాదా ఫాంటు వాడండి, పెళ్లి కార్డు ఫాంట్లు వద్దు. ఫ్లెక్స్ మెరుస్తుంది, రెండేళ్లలో వెలిసిపోతుంది. మెరుపు లేని ప్రింట్ తీయించండి. అచ్చు వేసే ముందు బోర్డులన్నీ మీ ఊళ్లో ఏడో తరగతి చదివే ముగ్గురితో గట్టిగా చదివించండి. వాళ్లు తడబడిన ప్రతి చోటా తప్పు మీదే.

కాలం చూపించడానికి గదిలో చోటు చాలదు. బడి ప్రహరీ గోడ వాడండి. ఒక సెంటీమీటరుకు ఒక ఏడాది. గేటు దగ్గర ఈ రోజు. సాగర్ డ్యామ్ శంకుస్థాపన జరిగిన 1955 ఒక మీటరు లోపే వస్తుంది. 1591లో కట్టిన చార్మినార్ నాలుగున్నర మీటర్లలోపు. శాతవాహనులు 20 మీటర్ల దగ్గర. ఉట్నూరు దొడ్డి 40 మీటర్లు దాటాక. ఇక పాత రాతియుగపు చేతిగొడ్డళ్లు తమిళనాడులోని అత్తిరంపాక్కంలో 15 లక్షల ఏళ్ల నాటివి దొరికాయి. అదే లెక్కన వాటికి 15 కిలోమీటర్ల గోడ కావాలి. గోడ చివర ఒక బాణం గుర్తు వేసి ఆ మాట రాయండి, పిల్లలు నోరు తెరుచుకుని నిలబడిపోతారు.

ముట్టుకునే బల్ల తప్పకుండా ఉండాలి, కానీ దాని మీద అసలు వస్తువులు వద్దు. రోళ్లకు, ఇసుర్రాళ్లకు గంట్లు కొట్టే పనివాళ్లు మీ వైపు ఇంకా ఉంటారు. నేను ఒకసారి అలాంటి ఒకాయనకు నల్లరాయి ఇచ్చి, ఇనుప ఉలి లేకుండా రాయితోనే గొడ్డలి చేయమని అడిగాను. మొదటి గంట విసుక్కున్నాడు. తర్వాత ఏ రాయితో కొడితే ఏది పగులుతుందో ఆయన చెయ్యే పట్టేసింది. రెండు రోజులు పట్టింది. నూరడానికి ఇంకో రోజు. ఆయన కొట్టిన గుంటలు, అరలోని పాత గొడ్డలి మీది గుంటలు పక్కపక్కన పెడితే తేడా చెప్పలేకపోయాను. మీరూ చేయించండి, కూలి సరిగా ఇవ్వండి, వీడియో తీయండి, ఆయన అనుమతి తీసుకుని బోర్డు మీద పేరు రాయండి.

గొడ్డళ్లను మన వైపు పిడుగురాళ్లు అంటారు కదా. కొన్ని గుళ్లలో, చెట్ల కింద దేవుడి గద్దెల మీద ఉంటాయి. వాటిని మ్యూజియంకు తేవద్దు. అవి ఉన్న చోటే అవి పూజలో బతుకుతున్నాయి. ఫొటో తీసి, ఆ ఊరివాళ్ల కథను రాసి గోడకు పెట్టండి.

రెండో గది సమాధులకు, నిలువురాళ్లకు ఇవ్వండి. ఇక్కడ నా గట్టి మాట: రాకాసి గుళ్లలో (పెద్ద బండలతో కట్టిన పాత సమాధుల్లో) దొరికిన మనిషి ఎముకలు ప్రదర్శనకు పెట్టకండి. అవి ఎవరో పూడ్చుకున్న తమవాళ్లు. సమాధి కోత బొమ్మ గీయించండి: కింద రాతిపలకల పెట్టె, పక్కన నలుపు ఎరుపు కుండలు, పైన కప్పుబండ, చుట్టూ గుండ్ల వలయం. కుండ లోపల, మూతి నలుపు, కింద ఎరుపు ఎందుకు వచ్చిందో మీ ఊరి కుమ్మరి చెప్తాడు, మంటలో బోర్లించినప్పుడు గాలి తగలని చోట నల్లబడుతుంది.

ముడుమాల్ మీకు దగ్గరే. 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు అక్కడ ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఒక బండ మీద తొలిచిన చిన్న గుంటలను పరిశోధకులు సప్తర్షి మండలంగా గుర్తించారు. మీ కాంట్రాక్టర్ వీటికి థర్మాకోల్ రాళ్లు చేస్తానంటాడు, ఒప్పుకోకండి. బడి గది ఎత్తు 10 అడుగులుంటే 14 అడుగుల రాయి అందులో పట్టదు. బయటి గోడ మీద నేల నుంచి 14 అడుగుల దాకా నిలువు రాయి ఆకారం అసలు కొలతతో పెయింట్ చేయించండి, గోడ చాలకపోతే పిట్టగోడ దాటించి పైకి రేకు కట్టండి. దాని పక్కన నిలబడి జనం ఫొటో దిగుతారు. లోపల ఒక మ్యాప్ పెట్టండి: ముడుమాల్‌కు ఏ దారి, ఎన్ని కిలోమీటర్లు, రాళ్ల మీద పేర్లు రాయొద్దు, సున్నం వేయొద్దు, పొద్దున గానీ సాయంత్రం గానీ పోతే ఏటవాలు ఎండలో గుంటలు బాగా కనిపిస్తాయి అని. ఉట్నూరుకు కూడా అలాగే. మీ గది చూసినవాళ్లు ఆ చోట్లకు పోయి వస్తే, రేపు క్రషర్‌కో, కడీలకో రాళ్లు తరలిస్తున్నారని ముందు ఫోన్ చేసేది వాళ్లే.

ఇంకో రెండు మాటలు. రాళ్లకు మెరుపు కోసం కొబ్బరినూనె రాయకండి, యాసిడ్‌తో కడగకండి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. నంబర్ వేయడానికి నెయిల్ పాలిష్ వాడకండి, పచ్చబడి పెచ్చులుగా లేస్తుంది. పారలాయిడ్ బీ-72 అనే రెసిన్ దొరుకుతుంది, దాన్ని అసిటోన్‌లో కలిపి కనిపించని వైపు చిన్న పూత వేసి, దానిమీద ఇంకుతో నంబర్ రాయండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడిచేయొచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది ఇంతే. రెండు గదుల పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపులు, కిటికీలు ఎటువైపో ఒక కాగితం మీద గీసి, పడమర ఎటో గుర్తు పెట్టి ఇక్కడ ఫొటో పెట్టండి. 200 వస్తువుల్లో దొరికిన చెలక పక్కాగా తెలిసినవి ఎన్నో లెక్క తీయండి. ఆ లెక్క చూశాక ఏ 30 పెట్టాలో, అరలు ఎన్ని కావాలో కూర్చుని వేద్దాం.